పాత ట్రాక్టరుకు సరైన ధర కట్టడం ఎలా?
మీటరు చూసి మోసపోకండి - ఇంజనును, కాగితాలను చూసి బేరమాడండి

సంతలో ఎద్దును కొనేటపుడు పళ్లు చూస్తాం. గిట్టలు చూస్తాం. నాలుగు అడుగులు నడిపిస్తాం, కాడి కట్టి చూస్తాం. అంత జాగ్రత్తపడే రైతే పాత ట్రాక్టరు కొనబోయేసరికి కొత్త రంగు, నిగనిగలాడే బానెట్టు చూసి చేతిలో అడ్వాన్సు పెట్టేస్తున్నాడు. తీరా తొలకరికి బండి పొలంలో దిగబడి మొండికేస్తే అప్పుడు మెకానిక్ చుట్టూ తిరగడం మొదలవుతుంది. అప్పు తెచ్చి కొన్న చిన్న రైతుకు ఇది మామూలు దెబ్బ కాదు. బండి మూలపడినా వడ్డీ మాత్రం ఆగదు.

పాత ట్రాక్టరుకు ధర కట్టడం పెద్ద విద్యేమీ కాదు. బండిలో ఇంకా ఎంత పని మిగిలి ఉంది, కొన్న మొదటి సీజనులోనే మీరు ఎంత ఖర్చు పెట్టాలి, కాగితాలు సరిగా ఉన్నాయా - ఈ మూడూ తేల్చుకుంటే చాలు.

గంటల లెక్క

కారుకు కిలోమీటర్లు ఎలాగో ట్రాక్టరుకు గంటలు అలాగ. వ్యవసాయ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ట్రాక్టరు ఆయుష్షును 10 వేల గంటలుగానో, 10 సంవత్సరాలుగానో తీసుకుంటారు. ఆ తర్వాత బండికి కొన్న ధరలో పదోవంతు మిగులుతుందని లెక్క. బాగా చూసుకున్న బండి అంతకుమించి కూడా పనిచేస్తుంది. అయినా బేరానికి ఈ లెక్క మంచి కొలబద్ద.

ఉదాహరణ చూద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు అదే రకం కొత్త బండి ఈ రోజు 7 లక్షలు అనుకోండి. చివరికి మిగిలే 70 వేలు తీసేస్తే 6,30,000. దాన్ని 10 వేల గంటలతో భాగిస్తే గంటకు 63 రూపాయలు. అంటే బండి గంటసేపు నడిస్తే దాని విలువలో 63 రూపాయలు కరిగిపోయినట్టు.

ఇప్పుడు మీకు 12 ఏళ్ల బండిని చూపించి 3,25,000 చెప్పారనుకోండి. మీటరు 4,200 గంటలు చూపిస్తోంది. మీటరును నమ్మితే కరిగిన విలువ 2,64,600. ఇంకా 4,35,400 విలువ ఉన్నట్టు తేలుతుంది. 'కారుచౌకగా వస్తోంది' అనిపిస్తుంది. ఇక్కడే పప్పులో కాలేస్తాం.

12 ఏళ్లలో 4,200 గంటలంటే ఏడాదికి 350 గంటలు. సొంత పొలానికే వాడిన బండికి అది సాధ్యమే. కిరాయికి తిరిగిన బండి అంత తక్కువ తిరిగి ఉంటుందా? ఏడాదికి 600 గంటలు వేసుకున్నా 7,200 గంటలు. అప్పుడు కరిగిన విలువ 4,53,600. మిగిలింది 2,46,400 మాత్రమే. ఒకే బండికి, మీటరు మాటకూ అసలు తిరిగిన గంటలకూ మధ్య దాదాపు 1,90,000 తేడా వచ్చింది చూడండి.

పాత బండ్లలో మీటరు కేబులు తెగిపోయి ఏళ్ల తరబడి అలాగే నడిచినవి ఎన్నో. మీటరు మార్చినవీ ఉంటాయి. అందుకే మీటరుకంటే ముందు క్లచ్ పెడలు చూడండి. దాని గళ్లు అరిగి నున్నగా అద్దంలా ఉంటే, డ్రాబారు రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉంటే, మూడు పాయింట్ల లింకేజి పిన్నులు లొడలొడలాడుతుంటే బండి చాలా తిరిగిందని అర్థం.

ఏ పని చేసిన బండి?

గంటలు ఒకటే అయినా పనిలో తేడా ఉంటుంది. తెనాలి, రేపల్లె డెల్టాలో దమ్ము చేసిన బండికి బురద నీళ్లు వెనక ఇరుసు సీళ్లలోకి, బ్రేకుల్లోకి చేరతాయి. వెనక చక్రాల లోపలివైపు ఆయిలు కారిన మరకలున్నాయేమో వంగి చూడండి. పల్నాడు నల్లరేగడిలో లోతు దుక్కి చేసిన బండికి క్లచ్, ఇంజను మీద భారం ఎక్కువ. ఇసుక, ఇటుక తోలకాలు చేసిన బండికి టైర్లు, ముందు ఇరుసు, స్టీరింగు, బ్రేకులు త్వరగా పోతాయి. బండి ఎవరి దగ్గర, ఏ పని చేసిందో అమ్మేవాళ్ల ఊళ్లోనే టీ కొట్టు దగ్గర అడిగితే తెలిసిపోతుంది.

ఇంజను పరీక్ష

'నేను వచ్చేదాకా బండి స్టార్టు చేయవద్దు' అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీ కోసం ముందే వేడిచేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను రెండు మూడు సార్లలో లేవాలి. తోస్తేగానీ లేవకపోతే బ్యాటరీ, సెల్ఫ్ దగ్గర నుంచి కంప్రెషన్ దాకా అన్నీ అనుమానించాల్సిందే.

పొగ రంగు చూడండి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనాయిలు కాలుతోందని అర్థం. రింగులు, లైనర్లు, వాల్వు గైడ్లు అరిగి ఉంటాయి. నల్లటి పొగ అయితే నాజిళ్లు, పంపు, ఎయిర్ క్లీనర్ చూడాలి. దీనికి ఖర్చు కొంత తక్కువ. చలికి మొదట్లో తెల్లపొగ వచ్చి పోతే ఫరవాలేదు. ఇంజను వేడెక్కాక కూడా వస్తుంటే సిలిండర్లోకి నీరు చేరుతోందేమో చూడాలి.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. అక్కడి నుంచి పొగ బుస్సుమని తన్నుకొస్తే బోరు పని దగ్గరపడినట్టే. ఆయిలు పుల్లను తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉందా? అయితే ఆయిల్లో నీరు కలిసింది. రేడియేటరు నీళ్ల మీద నూనె తేలడం కూడా చెడ్డ గుర్తే. రేడియేటరు మూతను మాత్రం ఇంజను చల్లగా ఉన్నపుడే తీయాలి. వేడిమీద తీస్తే మరుగు నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

క్లచ్, గేర్లు, లిఫ్టు

ఖాళీ స్థలంలో, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, రెండు బ్రేకులూ గట్టిగా తొక్కి, పెద్ద గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది. దుక్కిలో గేరు దానంతటదే జారి బయటికొస్తుంటే గేరుపెట్టె విప్పాల్సి వస్తుంది. అది పెద్ద ఖర్చు.

వెనక గొర్రో, రోటావేటరో కట్టి పైకెత్తి ఇంజను ఆపేయండి. పది నిమిషాల్లో అది నేలకు దిగిపోతే హైడ్రాలిక్ సీళ్లు పోయినట్టు. ముందు చక్రాన్ని జాకీతో లేపి అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడలాడితే బుష్షులు, బేరింగులు మార్చాలి.

వెనక టైర్ల విషయం మరిచిపోవద్దు. గుబ్బలు అరిగి ఉంటే జత టైర్ల ఖర్చు మీ నెత్తిన పడుతుంది. మీకు నమ్మకమైన మెకానిక్‌ను ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. లోపాలన్నీ కాగితం మీద రాయించి, స్పేర్ల ధరలు గుంటూరు ఆటోనగర్ లోనో, మీ దగ్గర పట్నంలోని షాపులోనో అడిగి పక్కన వేయించండి.

మన ఉదాహరణ బండికి టైర్లు, క్లచ్ కలిపి 70 వేలు తేలిందనుకోండి. 2,46,400 లోంచి 70 వేలు తీస్తే 1,76,400. 3,25,000 చెప్పిన బండి అసలు విలువ ఇదీ. స్పేర్లు మన మండలంలోనే దొరికే రకమైతే మరో పది ఇరవై వేలు ఎక్కువ పెట్టినా తప్పులేదు. తయారీ ఆగిపోయిన రకమైతే తగ్గించి అడగాలి. ఉదాహరణకు పింజోరులోని హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అలాంటి బండ్లకు స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో కనుక్కున్నాకే బేరంలోకి దిగండి.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధర కూడా తగ్గాలి కదా. 'నేను కొన్నపుడు ఇంత' అంటే ఒప్పుకోవద్దు. ఈ రోజు షోరూం ధర కనుక్కుని అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టండి.

సి బుక్కు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి

సి బుక్కులోని ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఫైనాన్సు బాకీ ఉన్నట్టు రాసి ఉంటే, అప్పు తీరినట్టు ఫైనాన్సు వాళ్లు సంతకం చేసిన ఫారం 35 తెమ్మనండి. అది లేకుండా కొంటే బండి మీ ఇంటి ముందు నుంచే లాక్కుపోవచ్చు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్సును మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అదీ అడగండి. బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. చేయించారో లేదో చూసి, లేకపోతే ఆ ఖర్చు కూడా ధరలో తగ్గించండి.

ఇది అమ్మే రైతుకూ ముఖ్యమే. బండి అమ్మేసినా పేరు మారకపోతే, దానివల్ల ప్రమాదం జరిగినపుడు పరిహారం బాధ్యత రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. డబ్బు చేతికొచ్చింది కదా అని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయకండి.

అసలు మనకు బండి కావాలా?

ధర న్యాయంగా ఉన్నంత మాత్రాన కొనాలని లేదు. 1,80,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీయే 43,200. మీకు 4 ఎకరాలుండి, ఎకరాకు అన్ని సాళ్లూ కలిపి 8 గంటల పని ఉందనుకుంటే ఏడాదికి 32 గంటలు. అంటే డీజిలు, రిపేర్లు కలపకుండానే గంటకు 1,350 రూపాయలు వడ్డీకే పోతుంది. మీ ఊళ్లో కిరాయి బండి డీజిలుతో సహా గంటకు ఎంత తీసుకుంటోందో దాంతో పోల్చి చూసుకోండి. అదే బండి ఏడాదికి 300 గంటలు తిరిగితే వడ్డీ భారం గంటకు 144 రూపాయలకు దిగుతుంది.

కాబట్టి రెండెకరాలు, నాలుగెకరాలు ఉన్న రైతు ముందుగా ఊళ్లో కిరాయి పని ఎన్ని గంటలు దొరుకుతుందో నికరంగా తేల్చుకోవాలి. లేదా నలుగురైదుగురు కలిసి కొనుక్కోవచ్చు. అపుడు సి బుక్కు ఎవరి పేరున ఉండాలి, రిపేరు ఖర్చు ఎలా పంచుకోవాలి, తొలకరిలో ఎవరి పొలం ముందు అన్నవి కాగితం మీద రాసుకుని సంతకాలు చేసుకోవాలి. బండి నడపడం, చూసుకోవడం సరిగా నేర్చుకోవాలనుకునేవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

బేరానికి వెళ్లేముందు మీ లెక్కలో తేలిన ధరను ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. 'ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నాడు' అని తొందరపెడితే ఆ చీటీని ఒకసారి చూసుకోండి. అది దాటితే దణ్ణం పెట్టి వచ్చేయండి. పాత బండ్లకు కరువు లేదు.