చేపలో కొలెస్ట్రాల్‌ను ఎలా కొలుస్తారు? ఆ అంకెతో మనకేమి పని?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో నాకు పరిచయమున్న కుటుంబాలవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నదన్నారు. ఇక చేపలు మానివేయవలసిందేనా?" కొందరు అడగకుండానే చేపలు మాని, సాయంత్రం బజ్జీలు, బోండాలు మాత్రం యథాప్రకారం తింటున్నారు. ఈ అపోహ తొలగాలంటే చేపలోని కొలెస్ట్రాల్‌ను ఎలా కొలుస్తారో, ఆ అంకె ఏమి చెబుతుందో తెలుసుకొనడం అవసరం.

కొలెస్ట్రాల్ మైనం వంటి పదార్థం. జంతుదేహంలోని కణపు పొరలలో ఇది ఉంటుంది. కనుక కొలెస్ట్రాల్ లేని చేప ఉండదు. మన ప్రాంతంలో పండే వేరుశనగ నూనెలో మాత్రం ఇది లేనట్లే లెక్క.

ప్రయోగశాలలో జరిగేది

చేప మాంసం అంతటా ఒకే విధంగా ఉండదు. పొట్టభాగంలో కొవ్వు ఎక్కువ, వెన్నుభాగంలో తక్కువ. అందువల్ల మాంసాన్ని మెత్తగా నూరి, కలిపి, తూచి నమూనా తీస్తారు. కొలెస్ట్రాల్ నీటిలో కరగదు కనుక కొవ్వును కరిగించే ద్రావకంతో దానిని వేరుచేస్తారు.

పిదప కొలవడానికి పలు మార్గాలున్నాయి. మన రక్తపరీక్షలలో సాధారణంగా వాడేది ఎంజైముల పద్ధతి. ఏర్పడిన రంగు గాఢతను బట్టి లెక్క కడతారు. ఆహారపదార్థాలకు గ్యాస్ క్రోమటోగ్రఫీ ప్రామాణికమైన పద్ధతి. మూడవది ప్రతిదేహాలతో చేసే ఇమ్యునోఅస్సే. డెంగ్యూ పరీక్షలలో పాఠకులు విన్న ఎలీసా ఈ కోవలోనిదే. దీనిని 1971లో స్వీడన్‌కు చెందిన ఎంగ్వాల్, పెర్ల్‌మన్ ప్రకటించారు.

కొలెస్ట్రాల్ వంటి చిన్న అణువులకు ఎలీసాలో పోటీ పద్ధతిని వాడతారు. ఇది పిల్లల కుర్చీలాట వంటిది. ప్రతిదేహాలు పరిమితంగా ఉన్న కుర్చీలు. రంగునిచ్చే ఎంజైమును తగిలించిన కొలెస్ట్రాల్, చేపనుండి తీసిన కొలెస్ట్రాల్ వాటికోసం పోటీపడతాయి. చేపలోనిది ఎక్కువైతే రంగు తగ్గుతుంది. తక్కువైతే రంగు పెరుగుతుంది.

ఇందులో ఒక చిక్కున్నది. కొలెస్ట్రాల్‌ను పోలిన ఇతర పదార్థాలకు కూడా ప్రతిదేహం అంటుకొనవచ్చును. కనుక రక్తం కోసం తయారైన కిట్‌ను మాంసానికి నేరుగా వాడరాదు. నమూనాకు తెలిసిన పరిమాణంలో కొలెస్ట్రాల్ కలిపి, అది సరిగా లెక్కకు వస్తున్నదో లేదో ముందుగా పరీక్షించాలి.

అంకె చెప్పేది, చెప్పనిది

చాలా చేపలలో 100 గ్రాముల పచ్చిమాంసానికి సుమారు 50 నుండి 80 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. రొయ్యలలో ఇది 150 దాటవచ్చును. ఒక కోడిగుడ్డులో సుమారు 190 ఉంటుంది. వేయించినప్పుడు నీరు ఇగిరిపోతుంది కనుక అదే ముక్కకు 100 గ్రాముల లెక్కన అంకె పెరుగుతుంది. పచ్చిదా, వండినదా అని చూడకుండా పట్టికలను పోల్చరాదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. మన దేహంలోని కొలెస్ట్రాల్‌లో అధికభాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. చాలామందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను, తిన్న కొలెస్ట్రాల్ కంటె సంతృప్త కొవ్వులు ఎక్కువగా పెంచుతాయి. చేపలో ఆ కొవ్వులు తక్కువ. కవళ్లు వంటి సముద్రపు చేపలలో మేలుచేసే ఒమేగా-3 కొవ్వులున్నాయి. పుంగనూరు ఆవుపాలు వెన్నకు ప్రసిద్ధి; ఎంత శ్రేష్ఠమైనవైనా పాలకొవ్వులో అధికభాగం సంతృప్తమే. చేపలు మాని మీగడ, నేయి పెంచితే ప్రయోజనం లేదు.

వంటింటిలో పాటించవలసినవి

చరకసంహిత ఆహారాన్ని విచారించడానికి ఎనిమిది అంశాలు చెప్పింది. వాటిలో ప్రకృతి, కరణం, రాశి ముఖ్యమైనవి. ప్రయోగశాల అంకె చేప ప్రకృతిలో ఒక అంశాన్ని మాత్రమే తెలుపుతుంది. కరణమంటే వండే తీరు, రాశి అంటే పరిమాణం. ఈ రెండూ గృహిణి చేతిలోనివి.

చింతపండు పులుసుగా, లేదా ఆవిరిపై వండిన చేప వేపుడు కంటె మేలు. ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ వాడరాదు. వారానికి రెండుసార్లు, మితంగా తినవచ్చును. చేపను పాలతో కలిపి తినడం విరుద్ధాహారమని చరకుడు హెచ్చరించాడు.

వైద్యుడు మందులు వ్రాసియుంటే, చేపలు మానినామన్న ధైర్యంతో వాటిని ఆపరాదు. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ఆహారమార్పులను వైద్యునితో చెప్పి చేసుకోవాలి. చేపలోని అంకె వేరు, మీ రక్తంలోని అంకె వేరు. రెండవదానిని తెలుసుకొనడానికి రక్తపరీక్ష ఒక్కటే మార్గం.