ఒళ్లు గట్టిదే, వయసే గండం

ఆరావళి బురద తొక్కి ఢిల్లీ చేరిన మారుతి జిప్సీని పైపైన కడిగితే మెరుస్తుంది గానీ మన్నదు. ఛాసిస్ సందుల్లో మిగిలిన మట్టి తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే. 1985లో వచ్చిన ఈ బండిని మారుతి ఇప్పుడు తయారు చేయడం లేదు. కాబట్టి మోజున్న యజమానులు తామే కిందికి దూరుతున్నారు. వెనక బ్రేకు డ్రమ్ములు విప్పి బురద తీయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. వాగులో దిగిన బండయితే డిఫరెన్షియల్ ఆయిల్ చూడాల్సిందే. పాలలా తెల్లబడిందంటే నీరు చేరినట్టే. విడిభాగాలకు కశ్మీరీ గేట్ ఉండనే ఉంది. నీళ్లకే ఇబ్బంది. 2024 మే ఎండల్లో, పైపుతో కారు కడిగితే రూ.2,000 జరిమానా అని ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించింది. బకెట్, బ్రష్‌లదే రాజ్యం.

ఇంత సేవ చేసినా బండి భవిష్యత్తు కోర్టు చేతిలో ఉంది. రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 ఆగస్టులో, వయసు ఒక్కటే చూసి చర్య తీసుకోవద్దంది. డిసెంబరుకల్లా ఆ ఊరటను బీఎస్-4, ఆపై వాహనాలకే పరిమితం చేసింది. ఢిల్లీలో ఆ ప్రమాణం అమల్లోకి వచ్చింది 2010లో. అంతకు ముందటి జిప్సీ ఎంత నిగనిగలాడినా లెక్కలోకి రాదు. పొగ గొట్టాన్ని పరీక్షించకుండా పుట్టిన ఏడాది చూసి తీర్పు చెప్పడం సులువే గానీ సబబు కాదు. యజమానికి ప్రధానంగా మిగిలింది రెండు దారులు: ఎన్‌ఓసీతో వేరే రాష్ట్రానికి పంపడం, లేదంటే తుక్కు.