ఇల్లమ్మబూనిన యిల్లాలు, పలుకని తరగరి

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. ఆ కాలమున తాతలనాటి యిల్లమ్ముట కుటుంబమునకు తలవంపుగా నెంచబడుచుండెను. అమ్మక తప్పనప్పుడు కొనువాడు ప్రక్కయింటివాడో, పాలివాడో యయ్యెడివాడు. నలుగురు పెద్దలు అరుగుపై గూర్చుండి వెల తెంచెడివారు. నేడట్లు కాదు. ఇల్లొకచోట, ఇంటి యజమానురా లొకచోట, కొనువాడు వేఱొకచోట నుందురు. వీరిని గలుపువాడు తరగరి. నేటి మాటలో బ్రోకరు. అతడు పలికినంతకాలము పని సాగును. అతడు మౌనము దాల్చెనా, ఇల్లు తాళముతోను, ఇల్లాలు దిగులుతోను మిగిలిపోవలసినదే.

అనంతపురము జిల్లానుండి 2022 ఏప్రిలు 4వ తేదీన విడివడి యేర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలో, పెన్నానది దరిని, రొద్దమను నూరు గలదు. అది యొక మండలమునకు ముఖ్యస్థానము. ఒకవంక హిందూపురము, వేఱొకవంక 1565 తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ. వానలు చాలని సీమ యగుటచే నీ ప్రాంతపు కుటుంబములనేకము పొట్ట చేతబట్టుకొని బెంగుళూరు చేరినవి. అక్కడ బిడ్డల చదువులు, ఇంటి యద్దెలు. ఇక్కడ తాళము వేసిన మట్టిమిద్దె, లేక బండలమిద్దె. అత్తమామలు గతించిన పిదప నా యిల్లమ్మి, ఆ సొమ్ముతో ఋణము దీర్చుకొందమనియో, బిడ్డ పెండ్లి చేయుదమనియో దంపతులు తలంతురు. ఊరిలో తెలిసిన తరగరికి తాళపుచెవి యిచ్చి వత్తురు. వారి కష్టము లటనుండియే యారంభమగును.

మొదటి వారమున తరగరి తానై నాలుగుమార్లు టెలిఫోనులో మాటలాడును. "వెల బాగుగా వచ్చును, అమ్మగారూ, మీరు నిశ్చింతగా నుండుడు" అని ధైర్యము చెప్పును. రెండవ నెలలో మనము పిలిచిన తరువాతనే పలుకును. మూడవ నెలలో గంట మ్రోగుచునేయుండును, పలుకువా డుండడు. ఎవరైన వచ్చి యిల్లు చూచిరా? వెల యెంత యడిగిరి? వలదనుటకు కారణమేమి? ఏ ప్రశ్నకును బదులు లేదు. కొనువాడు రాకపోవుటకంటె నీ తెలియకపోవుటయే యెక్కువ బాధించును. అమ్ముడుపోదని రూఢిగా దెలిసిన, అద్దెకైన నీయవచ్చును, వెల తగ్గింపవచ్చును, వేఱొకరి కొప్పగింపవచ్చును. ఏమియు దెలియనివారు ఏ దారియు పట్టలేరు.

ఈలోపల ఇల్లు ఊరక యుండదు. మనుష్యసంచారము లేని యింటిలో చెద పట్టును. మిద్దెమీద మన్ను కాలకాలమునకు సరిచేయనిచో వాన నీరు దూలములలోనికి దిగును. నాడు పది రూపాయలు పలికినది మఱునాటికి తొమ్మిదియగును. అప్పుపై వడ్డీ మాత్రము తగ్గదు. ఈ లెక్కలన్నియు రాత్రివేళ మనసులో వేసికొనునది సాధారణముగా నింటి యిల్లాలే.

మౌనమునకు కారణములు

తరగరిని తిట్టుటకు ముందు అతడేల పలుకడో తెలిసికొనుట మేలు. మొదటి కారణము అతని జీవనవిధానమే. అతనికి నెలజీతము లేదు. అమ్మకము ముగిసిన పిమ్మట వెలలో నూటికి ఒకటియో రెండో రూపాయలు తరగు ముట్టును. ముగియనిచో నతని తిరుగుడంతయు వృథా. కావున నతడు పది యిండ్లు చేతబట్టి, వానిలో త్వరగా నమ్ముడుపోవు రెండింటి వెంటనే తిరుగును.

రెండవది ఈ ప్రాంతపు స్థితి. 2017 ఏప్రిలులో కియా కంపెనీ రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని పెనుకొండ చేరువనున్న యెఱ్ఱమంచికడ మోటారుకార్ల కర్మాగారము గట్టెను. 2019లో నచ్చటి కార్లు విపణికి వచ్చెను. ఇట్టి కర్మాగారము వచ్చినచోట జనుల చూపు పెద్దరస్తా ప్రక్కనున్న పొలములమీదను, ప్లాట్లమీదను పడుట సహజము. తరగరులును అటే పరుగెత్తుదురు. ఊరినడుమ సందులోని పాత మిద్దె వారికి చిన్న బేరము.

మూడవది కాగితముల లోపము. పల్లెలలో గ్రామకంఠమునందలి యిండ్లకు పెక్కింటికి దస్తావేజులు లేవు. తాత కట్టెను, తండ్రి యుండెను, ఇంటిపన్ను రసీదు కలదు, అంతే. కొనువాడు బ్యాంకులో అప్పు తీసికొన దలచెనేని ఆ రసీదు చాలదు. ఈ కొఱత తీర్చుటకే కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిలు 24వ తేదీన స్వామిత్వ పథకమును ప్రారంభించి, గ్రామనివాసస్థలములను ఆకాశమునుండి చిత్రించి కొలిపించి, హక్కుపత్రము లొసగు పని చేపట్టెను. కాగితము సరిగా లేదని తెలిసిన తరగరి ఆ మాట మనతో చెప్పుటకు మొగమాటపడి మౌనము వహించుట కలదు.

నాలుగవది దురాలోచన. కొందఱు కావలెననియే కాలము గడుపుదురు. విసిగిన యజమానురాలు అయినకాడికి సరే యనువఱకు నాగి, తమవారి పేరననే తక్కువకు కొందురు. తరగరులందఱు నిట్టివారని చెప్పుట పాపము. ఎండలో తిరిగి, నిజము చెప్పి, న్యాయముగా తరగు పుచ్చుకొనువారు ప్రతి యూరను గలరు. ఐనను మంచివారిని నమ్ముటకు సైతము కట్టుబాటు అవసరము.

చట్టమేమి చెప్పుచున్నది?

మన తరపున ఇతరులతో వ్యవహరించుటకు మనము నియమించినవాడు మనకు ప్రతినిధి. ఈ సంబంధమును 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము వివరించినది. నూటయేబది యేండ్లు గడచినను దాని మాటలు రొద్దములోని మిద్దెకును వర్తించును. ప్రతినిధి తగిన నేర్పుతోను శ్రద్ధతోను పనిచేయవలెనని 212వ సెక్షను. అడిగినప్పుడు లెక్క చెప్పవలెనని 213వది. చిక్కు వచ్చినప్పుడు యజమానికి దెలిపి, ఆమె యాజ్ఞ పొందుటకు తగిన ప్రయత్నము చేయవలెనని 214వది చెప్పుచున్నవి. వేఱు షరతు లేనిచో పని పూర్తియైన పిదపనే ప్రతిఫల మీయవలసియుండునని 219వ సెక్షను. కావున "తిరిగిన ఖర్చులకు" అని ముందుగా సొమ్మడుగువానికి, ఒప్పుకొనియుండిననే తప్ప, ఈయవలసిన పని లేదు.

215వ సెక్షనునందలి యుదాహరణము మన విషయమునకే వ్రాసినట్లుండును. యజమాని తన యాస్తి నమ్ముమని ప్రతినిధితో చెప్పెను. అతడు వేఱొకని పేర తానే కొనెను. ముఖ్యమైన సంగతి నతడు కపటముతో దాచెననియైనను, ఆ యమ్మకము తనకు నష్టకరమైనదనియైనను చూపినచో యజమాని దానిని త్రోసిపుచ్చవచ్చును.

ప్రతినిధిని తొలగించు హక్కు యజమానికి గలదు. కాని గడువు పెట్టియుండి, తగిన కారణము లేక ముందే తొలగించినచో నష్టపరిహార మీయవలసిరావచ్చును. ఇచ్చట నొక హెచ్చరిక. తరగరివద్ద చేబదులు పుచ్చుకొని, "ఇల్లమ్మి నీ బాకీ తీసికొనుము" అని అధికార మిచ్చినచో, 202వ సెక్షను ప్రకార మా యధికారమును మనము తలచినంతనే రద్దు చేయజాలము. అందుచే తరగరివద్ద అప్పు పుచ్చుకొనరాదు.

2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, రేరా యని జనులు పిలుచునది, తరగరులను నమోదు చేసికొమ్మని యాజ్ఞాపించినది. ఐతే యా నిర్బంధము నిర్మాతలు లేయవుట్లు వేసి, అంతస్తులు గట్టి విక్రయించు ప్లాట్లకును గృహములకును సంబంధించినది. మీ యత్తవారి పాత యింటి బేరమునకు ఆ చట్టము రక్షగా నిలుచునని యాశింపరాదు. కనుక మీ రక్షణము మీరు వ్రాయించుకొనిన షరతులలోనే యుండవలెను.

ఇతర దేశములలో నీ చిక్కు లేదని తలపకుడు. ఇంగ్లండులో 1979లో నొక చట్టము చేసి, తరగు వివరములు ముందుగానే యజమానికి దెలుపవలెనని నిర్బంధించిరి. 2007నాటి మఱియొక చట్టముచే ఇండ్ల తరగరులు ఫిర్యాదులు విచారించు సంస్థలో చేరియుండవలెనను నియమము వచ్చెను. అమెరికాలో నివసించు మన తెలుగువారికి అచ్చటి వ్రాతపూర్వకమైన ఒప్పందములు, వాని గడువులు సుపరిచితములే. అచ్చటను, ఇల్లమ్ము హక్కు సంపూర్ణముగా నొకనికే యిచ్చినచో, యజమాని తానే కొనువానిని దెచ్చుకొన్నను తరగు చెల్లింపవలసియుండును. చదువక సంతకము చేయుట ఏ దేశమునందైన నొకటే ముప్పు.

స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసినవి

1956నాటి హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షనుచే హిందూ స్త్రీ తన యాస్తికి సంపూర్ణాధికారిణియైనది. మన రాష్ట్రమున 1986లో చేసిన సవరణము, 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి యాస్తిలో జన్మహక్కు నొసగెను. 2005లో దేశమంతటను కుమార్తెల కా హక్కు లభించెను. కావున పుట్టినింటి యిల్లమ్మునప్పుడు ఆడుబిడ్డల సంతకములును అవసరమగును. వారి నడుగక బేరము పెట్టినచో కొనువాడు వెనుదీయును; తరగరి పలుకడు. దోషము తరగరిది కాదు, మనది. ముందు తోబుట్టువులంద ఱేకమాట మీదికి రావలెను.

దూరముననున్న స్త్రీలను "మాటిమాటికి రానక్కఱలేదు, పవరుపట్టా వ్రాసియిండు" అని యడుగుట కలదు. 1882నాటి పవరు ఆఫ్ అటార్నీ చట్టపు 5వ సెక్షను వివాహిత స్త్రీ స్వతంత్రముగా ప్రతినిధిని నియమించుకొనవచ్చునని స్పష్టముగా చెప్పినది. భర్త చేయుమన్నాడని చేయనక్కఱలేదు; వలదని తోచినచో మానవచ్చును. ఇయ్యక తప్పనిచో తరగరికి గాక నమ్మకమైన బంధువున కీయుడు. ఏ పని కిచ్చుచున్నారో ఆ పనిమాత్రమే వ్రాయుడు. పవరుపట్టా వలన యాజమాన్యము చేతులు మారదని 2011లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. యాజమాన్యము మారుటకు రిజిస్టరైన విక్రయదస్తావేజే కావలెను.

చేయవలసిన పని

తరగరి కిల్లు చూపుటకు ముందే నాలుగు పనులు చేయుడు. దస్తావేజులు, పన్ను రసీదులు, ఋణభారపత్రము, వారసుల పత్రము సమకూర్చుకొనుడు. అసలు కాగితములు మీయొద్దనే యుంచుకొని, నకళ్లు మాత్రమే యిండు. ఊరిలో ఈ మధ్య అమ్ముడుపోయిన రెండు మూడిండ్ల వెల విచారించుడు. గొప్ప వెల చెప్పిన తరగరియే గొప్పవాడని భ్రమపడకుడు. తాళపుచెవి యొకటి బంధువుల యింట నుంచుడు.

పిమ్మట నొక కాగితముపై షరతులు వ్రాయించుడు. తరగు ఎంత, ఎప్పుడు చెల్లించుట. గడువు మూడు నెలలా, నాలుగు నెలలా. పదునైదు దినముల కొకమారు ఎవరు వచ్చిరో, ఎంత యడిగిరో తెలుపుట. ఇతరులద్వారా అమ్ముకొను స్వేచ్ఛ మీకు గలదా లేదా. 214వ సెక్షను చిక్కు వచ్చినప్పుడు తెలుపుమన్నదే గాని పక్షమున కొకమారు తెలుపుమనలేదు. అందుచే నీ షరతును మీరే వ్రాసికొనవలెను. బయానా సొమ్ము బ్యాంకుద్వారా మీ పేరనే రావలెను. ఇరువదివేలు, అంతకు మించిన సొమ్ము నగదుగా పుచ్చుకొనరాదని 2015 జూను 1 నుండి నిబంధన వచ్చినది.

ఇంత చేసినను అతడు పలుకనిచో కోపముతో నలుగురియెదుట దూషింపకుడు. ఈ క్రిందివిధముగా జాబు వ్రాసి, స్పీడుపోస్టులో పంపి, రసీదు దాచుడు.

"అయ్యా, రొద్దములోని మా యిల్లు విక్రయించు పని ఫలానా తేదీన మీ కొప్పగించితిమి. నాటినుండి ఎవరెవరు ఇల్లు చూచిరో, ఎంత వెల యడిగిరో, చిక్కేమైన నున్నదో పదునైదు దినములలో వ్రాసి తెలుపగోరెదము. అట్లు తెలుపనిచో మీ యధికారము నా తేదీతో రద్దయినట్లు భావించి, తాళపుచెవియు నకళ్లును మా కొప్పగింపవలెను. మీరు తెచ్చిన కొనుగోలుదారు లెవరైన నున్న వారి పేరులు తెలిపినచో, ఆ బేరము కుదిరిన పక్షమున మీ తరగు మీకు చెల్లింతుము."

కడపటి వాక్యము ముఖ్యము. అతని కష్టమునకు ఫలము దక్కునని హామీ యిచ్చినచో కలహమునకు తావుండదు. మంచివాడైనచో జాబు చేరిన దినముననే పలుకును. పలుకనివాడైనచో మీకు తెలియవలసినది తెలిసినది, వేఱొకరి నాశ్రయింపవచ్చును. సొమ్మిచ్చియో, ఇత్తునని యొప్పుకొనియో సేవ పొందినవారికి, ఆ సేవలో లోపము జరిగినచో జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయించు మార్గమును గలదు. దానికి ఆధారము మీ వ్రాతకాగితములే.

పసుపు కుంకుమలతో గడపకు పూజచేసి, బిడ్డలను పెంచిన యిల్లమ్ముట మనసునకు సులభమైన పని కాదు. ఆ దుఃఖమునకు తోడు ఒకని మౌనమునకు నెలలకొలది బానిసలగుట యేల? సోదరీమణులారా, ఇంటిలెక్క పైసతో సహా వ్రాయు మీ చేతికి ఈ నాలుగు షరతులు వ్రాయుట కష్టము కాదు. తాళపుచెవి యిచ్చుటకు ముందు కాగితము, కాగితముపై గడువు. ఈ రెండును మఱవకుడు.