ఆస్తమా ఉన్నవాళ్లు ఒలింపిక్ మెడల్స్ ఎలా కొడుతున్నారు? మంచులో ఊపిరి కథ

ఈ ఎపిసోడ్ ఒక వార్తతో మొదలుపెడదాం. 2018లో దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్‌లో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. నార్వే టీం 6,000 డోసుల ఆస్తమా మందు తీసుకెళ్లిందని మీడియాలో వచ్చింది. ఆ గేమ్స్‌లో నార్వేకి 39 మెడల్స్, టేబుల్‌లో ఫస్ట్ ప్లేస్. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఎవరికైనా డౌట్ వస్తుంది కదా? ఇంతమంది రోగులా? లేక మందుతోనే గెలుస్తున్నారా?

ముందు ఆ నంబర్ సంగతి చూద్దాం. ఒక ఇన్‌హేలర్‌లో మామూలుగా 120 నుంచి 200 పఫ్‌లు ఉంటాయి. ఒక పఫ్‌ని ఒక డోసు అనుకుంటే, 6,000 అంటే 30 నుంచి 50 ఇన్‌హేలర్లు. టీంలో అథ్లెట్లే 100 మందికి పైగా ఉన్నారు. ఇలా చూస్తే నంబర్ అంత భయపెట్టదు. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ప్రపంచంలోనే అత్యంత ఫిట్‌గా ఉండేవాళ్లలో ఇంత ఆస్తమా ఎందుకు?

ఇది ఇప్పటి విషయం కాదు. 1993లో స్వీడన్ రీసెర్చర్లు 42 మంది టాప్ క్రాస్ కంట్రీ స్కీయర్లని పరీక్షించారు. సగానికి పైగా మందిలో ఆస్తమా లక్షణాలతో పాటు అతిగా స్పందించే శ్వాసనాళాలు కనిపించాయి. 1998 నగానో వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్లిన అమెరికా అథ్లెట్లలో ఐదుగురిలో ఒకరికి పైగా ఆస్తమా ఉన్నట్టు తేలింది. క్రాస్ కంట్రీ, నార్డిక్ కంబైన్డ్, షార్ట్ ట్రాక్ స్కేటింగ్ వాళ్లని మాత్రమే తీసుకుంటే అది దాదాపు 60 శాతం!

అంటే ఆస్తమా ఉన్నవాళ్లు వెతుక్కుని మరీ ఈ ఆటలోకి వస్తున్నారా? కాదు. చాలామందికి ఆటే ఆస్తమా తెచ్చిపెడుతోంది. ఎలాగో చూద్దాం.

మీరు ఇప్పుడు కూర్చుని ఇది చదువుతున్నారు. నిమిషానికి సుమారు 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తున్నారు, అదీ ముక్కుతో. ముక్కు ఒక హీటర్ లాంటిది. గాలిని వేడి చేసి, తడి చేసి లోపలికి పంపుతుంది. రేసులో ఉన్న స్కీయర్‌కి మాత్రం నిమిషానికి 150 నుంచి 200 లీటర్లు కావాలి. ముక్కు సరిపోదు, నోరు తెరవాల్సిందే. ఇక చల్లటి గాలి నేరుగా లోపలికి వెళ్తుంది.

నిజానికి ఇక్కడ చలి కన్నా పెద్ద విలన్ పొడి గాలి. మైనస్ 10 డిగ్రీల్లో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 2 గ్రాముల చిల్లర నీటి ఆవిరిని పట్టుకోగలదు. మన ఊపిరితిత్తుల లోపల 37 డిగ్రీల్లో అదే గాలిలో సుమారు 44 గ్రాములు ఉండాలి. మిగతా 40 గ్రాముల పైచిలుకు ఎక్కడినుంచి వస్తుంది? మన శ్వాసనాళాల గోడల నుంచే. ఊపిరి వదిలేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది కానీ మొత్తం రాదు. నిమిషానికి 200 లీటర్ల లెక్కన ఒక ఘనపు మీటరు గాలి పీల్చడానికి 5 నిమిషాలు చాలు. 50 కిలోమీటర్ల రేసు రెండు గంటలకు అటూ ఇటూ నడుస్తుంది. లెక్క మీరే వేసుకోండి.

శ్వాసనాళాల లోపల పల్చటి తడి పొర ఉంటుంది. అది ఆరిపోయే కొద్దీ అందులోని ఉప్పు చిక్కబడుతుంది. అక్కడున్న మాస్ట్ సెల్స్ అనే కణాలు దాన్ని ప్రమాదంగా తీసుకుని హిస్టమిన్, ల్యూకోట్రైన్స్ లాంటి రసాయనాలు వదులుతాయి. నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దారి ఇరుకవుతుంది. ఫలితం దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, పిల్లికూతలు.

ఒక్కసారైతే శరీరం రిపేర్ చేసుకుంటుంది. వీళ్లు ఏళ్ల తరబడి, శీతాకాలమంతా ఇదే పని చేస్తారు. రిపేర్ పూర్తికాకముందే మళ్లీ దెబ్బ. మధ్యలో జలుబు వైరస్ వచ్చిందంటే ఇంకా కష్టం. అలా పై పొర దెబ్బతిని, నాళాలు చిన్న విషయానికే ముడుచుకుపోయే స్థితికి వస్తాయి. అందుకే క్రాస్ కంట్రీ నియమాల్లో ఒకటుంది. ట్రాక్‌లో అన్నిటికన్నా చల్లని చోట మైనస్ 20 కన్నా తక్కువ ఉంటే రేసు వాయిదా వేయాలి, లేదా రద్దు చేయాలి.

సరే, మరి డోపింగ్ మాట? సాల్బుటమాల్ అంటే మన మెడికల్ షాపుల్లో ఆస్తాలిన్ పేరుతో దొరికే మందే. ఇన్‌హేలర్ ద్వారా దాన్ని అథ్లెట్లు వాడొచ్చు, కానీ లిమిట్ ఉంది. 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు, అందులోనూ ఏ 8 గంటల్లో అయినా 600 దాటకూడదు. కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, ఇది అచ్చం రేట్ లిమిట్. ఈ మోతాదులో పీలిస్తే ఆరోగ్యంగా ఉన్నవాడి స్టామినా పెరుగుతుందని రీసెర్చ్‌లో గట్టి ఆధారం దొరకలేదు. మాత్రగానో ఇంజెక్షన్‌గానో తీసుకుంటే మాత్రం నిషేధమే.

లిమిట్ దాటితే పెద్ద పేరున్నవాళ్లని కూడా వదల్లేదు. నార్వే స్కీయర్ మార్టిన్ యాన్స్‌రూడ్ సుండ్‌బీ నెబ్యులైజర్‌తో ఎక్కువ మోతాదు తీసుకున్నాడు. నెబ్యులైజర్‌లో పోసిన మందంతా ఊపిరితిత్తులకి చేరదు కదా అన్నది అతని వాదన. 2016లో క్రీడల కోర్టు ఒప్పుకోలేదు. రెండు నెలల బ్యాన్, 2015 టూర్ డి స్కీ టైటిల్, ఆ సీజన్ వరల్డ్ కప్ టైటిల్ రెండూ పోయాయి. కావాలని మోసం చేశాడని కోర్టు అనలేదు. అయినా రూల్ రూలే.

ఇంకో వైపు మారిట్ బ్యోర్గెన్. ఆమెకీ ఆస్తమానే. 2010లో పోలండ్ ప్రత్యర్థి యుస్తీనా కోవాల్చిక్ ఆమె మందుల గురించి బహిరంగంగానే విమర్శించింది. బ్యోర్గెన్ అనుమతి తీసుకునే వాడింది, 15 ఒలింపిక్ మెడల్స్‌తో రిటైర్ అయింది.

మరి మనకేంటి? మన ఊళ్లలో మైనస్ 10 ఉండదు. కానీ అమెరికాలో, కెనడాలో ఎంఎస్ చేస్తూ జనవరిలో బయట జాగింగ్‌కి వెళ్లే మనవాళ్లు ఎంతోమంది. రన్ ఆపిన 5, 10 నిమిషాలకి దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయా? "స్టామినా లేదులే" అని వదిలేయకండి. అలాగని మీ అంతట మీరే ఇన్‌హేలర్ కొనేయకండి. లక్షణాలు చూసి ఊహిస్తే చాలాసార్లు తప్పుతుంది. డాక్టర్ దగ్గర ఊదే పరీక్ష ఉంటుంది. ఎక్సర్‌సైజ్‌కి ముందు, తర్వాత ఒక్క సెకనులో ఎంత గాలి ఊదగలరో కొలుస్తారు. 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే విషయం ఉన్నట్టే.

బయటికెళ్లే ముందు 10, 15 నిమిషాల వార్మప్ చేయండి. నోటికి, ముక్కుకి మఫ్లర్ గానీ బఫ్ గానీ కట్టుకోండి, మీరు వదిలిన తేమలో కొంత మీకే తిరిగి దక్కుతుంది. జలుబు ఉన్నప్పుడు గట్టి రన్ వద్దు. రిలీవర్ ఇన్‌హేలర్ రోజూ అవసరం పడుతోందంటే కంట్రోల్ లేనట్టు, డాక్టర్‌ని కలవాల్సిందే.

చివరగా ఒక్క మాట. మన ఇళ్లలో "ఇన్‌హేలర్ పెడితే అలవాటైపోతుంది" అంటారు. ఆ భయంతో కాలేజీలో, గ్రౌండ్‌లో బ్యాగ్ అడుగున దాచుకునేవాళ్లు ఉన్నారు. కళ్లజోడు దాచుకుంటామా? ఇదీ అంతే. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా అలా దాచుకుంటుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం.