చీటీ చెల్లిపోతే... మళ్లీ మొదటికే!

దరఖాస్తుకు ఆఖరి రోజు. ముప్కాల్ లాంటి ఊళ్లో నెట్ సెంటర్‌లో కూర్చుని హాల్‌టికెట్ నంబరు, మార్కులు, చిరునామా... అన్నీ నింపారు. తీరా చూస్తే ఆధార్ కార్డు ఇంట్లోనే ఉండిపోయింది. పరుగున వెళ్లి తెచ్చేసరికి తెరమీద ఒకటే మాట... 'సెషన్ ఎక్స్‌పైర్డ్'! ఇంతకీ ఏమిటీ సెషన్? అంతసేపు పడ్డ శ్రమ ఏమైపోయినట్టు?

మహా మతిమరుపు

వెబ్‌సైట్లు పనిచేసేది హెచ్‌టీటీపీ అనే పద్ధతిలో. దానికి మతిమరుపు ఎక్కువ. అడిగిన పేజీ ఇస్తుంది, అడిగిందెవరో ఆ వెంటనే మర్చిపోతుంది. రెండో పేజీకి మీరు మళ్లీ కొత్తవారే! దీనికి 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లి కనిపెట్టిన ఉపాయమే 'కుకీ'. సైట్ మన బ్రౌజర్‌కి ఓ చీటీ ఇస్తుంది. ప్రతి పేజీ దగ్గరా బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది.

నిజామాబాద్ యార్డుకు పసుపు తీసుకెళ్లే రైతులకు ఇది తెలిసిన సంగతే. కుప్ప యార్డులో ఉంటుంది, చేతిలో ఉండేది లాట్ నంబరే. సెషనూ అంతే. వివరాలు సర్వర్‌లో, నంబరు మన దగ్గర.

మూటకట్టి దాచాలి

పేరు, మార్కులు, కోరుకున్న కాలేజీలు... వీటినీ, వీటితో చేయాల్సిన పనులనూ కలిపి ప్రోగ్రామర్లు 'ఆబ్జెక్ట్'గా తయారుచేస్తారు. దాన్ని సెషన్‌లో దాచేందుకు చాలాచోట్ల అక్షరాల వరుసగా మూటకట్టి, తర్వాతి పేజీలో విప్పుతారు. దీని పేరే సీరియలైజేషన్. చిక్కంతా ఇక్కడే! మూటకట్టాక ప్రోగ్రామ్ మారిస్తే పాత మూట సరిగా విప్పుకోకపోవచ్చు. డేటాబేస్ కనెక్షన్ లాంటివి అసలు మూటలో ఇమడవు. ఒక్కసారిగా లక్షలమంది వస్తే బరువైన మూటలతో సర్వర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. మూట ఒక సర్వర్‌లో ఉండి, మనం మరో సర్వర్‌కు చేరామా... 'మీరెవరు?' అంటుంది!

అందుకే అనుభవజ్ఞులు సెషన్‌లో నంబరు లాంటి చిన్న వివరాలే ఉంచి, అసలు సరుకును ఎప్పటికప్పుడు డేటాబేస్‌కు చేరుస్తారు. సెషన్లనూ అన్ని సర్వర్లకూ అందేలా ఒకేచోట దాస్తారు.

గడువు ఎందుకంటే...

ఎవరూ తిరిగిరాని మూటల్ని సర్వర్ ఎన్నాళ్లని మోస్తుంది? అందుకే గడువు. సైట్ తయారుచేసినవారు మార్చకపోతే ఏఎస్‌పీ డాట్ నెట్‌లో అది 20 నిమిషాలు, పీహెచ్‌పీలో 24, టామ్‌క్యాట్‌లో 30. భద్రత మరో కారణం. చీటీ ఎవరి చేతికి చిక్కితే సర్వర్ లెక్కలో వాళ్లే మీరు! తాళంలేని వైఫైలో పక్కవారి కుకీలు పట్టేయడం ఎంత తేలికో 2010లో ఎరిక్ బట్లర్ 'ఫైర్‌షీప్' ప్రోగ్రామ్‌తో చూపించాడు.

మనం చేయాల్సిందేమిటి?

* కాగితాలన్నీ దగ్గర పెట్టుకున్నాకే దరఖాస్తు మొదలుపెట్టాలి.
* 'సేవ్' బటన్ ఉంటే ప్రతి పేజీలోనూ నొక్కాలి.
* నెట్ సెంటర్‌లో పని కాగానే 'లాగవుట్' చేయాలి. కిటికీ మూసేస్తే సరిపోదు... గడువు తీరేదాకా చీటీ చెల్లుతూనే ఉండొచ్చు!