దూరపు డి.సి. లైనులో లోపం – బోరు మోటారు వద్ద జాగ్రత్త

అచ్చంపేట: నల్లమల అంచున గల అచ్చంపేట ప్రాంతంలో అనేక మంది రైతులు బోరుబావులపై ఆధారపడి సేద్యం చేస్తున్నారు. మోటారు అకస్మాత్తుగా ఆగినపుడు లోపం ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉండనవసరం లేదు. వందల కిలోమీటర్ల దూరాన గల అధిక వోల్టేజి డి.సి. లైనులో అంతరాయం కూడా అందుకు కారణం కావచ్చును.

ఒడిశాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారు వరకు 1,300 కిలోమీటర్లకు పైబడిన 500 కిలోవోల్టుల డి.సి. లైను 2003లో పూర్తయినది. ధన, ఋణ పోల్‌లు రెండింటి ద్వారా 2,000 మెగావాట్లు పంపే సామర్థ్యంతో నిర్మించిన ఈ లైనును 2007లో 2,500 మెగావాట్లకు పెంచడమైనది.

లోపం తొలగించే విధానం: ఎ.సి. కరెంటు సెకనుకు 100 పర్యాయాలు సున్నాకు చేరుతుంది. ఆ క్షణంలో బ్రేకరు దానిని తెంచివేస్తుంది. డి.సి. కరెంటుకు అట్టి సున్నా లేదు. అందువలన పిడుగుపాటు వలన గాని, ఇన్సులేటర్లపై పేరుకొన్న ధూళి వలన గాని కరెంటు భూమిలోనికి ప్రవహించినపుడు, దానిని ఆపే పని పంపే కేంద్రంలోని థైరిస్టర్లు నిర్వహిస్తాయి. వోల్టేజి పడిపోయిన వేగాన్ని బట్టి రక్షణ వ్యవస్థ కొన్ని మిల్లీసెకన్లలో లోపాన్ని గుర్తించి, థైరిస్టర్లు పనిచేసే సమయాన్ని మార్చుతుంది. లైనులోని శక్తి వెనుకకు మరలి కరెంటు సున్నా అవుతుంది. సెకనులో కొద్ది భాగం వేచి లైనును తిరిగి చార్జి చేయడం జరుగుతుంది. అది ఫలించనిచో తక్కువ వోల్టేజితో ప్రయత్నిస్తారు. అప్పటికీ లోపం తొలగని పక్షంలో ఆ పోల్‌ను నిలిపివేస్తారు. రెండవ పోల్ పనిచేస్తూనే ఉంటుంది.

వినియోగదారులపై ప్రభావం: ఒక పోల్ నిలిచినచో 1,000 మెగావాట్లకు పైగా లోటు ఏర్పడవచ్చును. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌తో అనుసంధానం కాకమునుపు, ఇట్టి లోటు వలన దక్షిణాదిన ఫ్రీక్వెన్సీ వెంటనే పడిపోయేది. ముందుగా ఎంపిక చేసిన ఫీడర్లను స్వయంచాలకంగా నిలిపి గ్రిడ్‌ను కాపాడేవారు. అనుసంధానం తరువాత లోటు ఎ.సి. లైన్లపైకి మరలుతున్నందున, వాటిపై భారం మితిమీరకుండా చూడవలసి ఉన్నది.

రైతులకు సూచనలు: ఈ విధంగా నిలిచిన సరఫరా ముందస్తు సమాచారం లేకుండా ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చును. కావున కరెంటు పోయినదని తలచి మోటారును, స్టార్టరును, తీగలను తాకరాదు. మరమ్మతుకు ముందు స్విచ్ విధిగా ఆపాలి. ఆటోమేటిక్ స్టార్టర్లు ఉన్నచో సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉన్నందున, వాటిని తొలగించుకొనవలసినదిగా రైతులను కోరడమైనది. ఫ్యూజు వేయుట, లైను సరిచేయుట వంటి పనులను విద్యుత్ సిబ్బందికే విడిచిపెట్టాలి.