రాగులు అమ్మి రవ్వ కొంటున్నామా? పాతిక రూపాయల్లో నలుగురికి కడుపు నిండే అంబలి

పై వీడియోలో అంబలి కాచే పద్ధతి చూశారు కదా. కొలతలు, ఖర్చు లెక్క ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మనలో చాలామంది మందులు లేకుండా రాగులు పండిస్తాం. కళ్లంలోనే అన్నీ అమ్మేస్తాం. మర్నాడు పొద్దున బొంబాయి రవ్వ కొని ఉప్మా చేసుకుంటాం, లేదంటే టీ తాగి పొలానికి పోతాం. పది గంటలకల్లా ఆకలి. అప్పుడు ఎవరో ఒకరు బండేసుకుని ఊళ్ళోకి పోయి ఇడ్లీ పొట్లాలు తేవాలి. డబ్బులూ పాయె, పనీ పాయె.

లెక్క చూడండి. 2024-25లో రాగులకు మద్దతు ధర క్వింటా 4,290 రూపాయలు. అంటే కిలో 43 రూపాయల లోపే. నలుగురికి అంబలికి 200 గ్రాముల పిండి చాలు, 9 రూపాయలు. గుప్పెడు వరి నూకకు ఇంకో మూడు, నాలుగు. 100 గ్రాముల అలసందలు గుగ్గిళ్ళకు వేసుకున్నా మొత్తం పాతిక దాటదు. మజ్జిగ, ఉల్లిపాయ ఇంట్లోవే.

రాగుల్ని తెలంగాణలో తైదలంటారు, ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. కాచే తీరు కూడా ఊరికో రకం. మేం చేసేది ఇది. సాయంత్రం 200 గ్రాముల పిండిని అర లీటరు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, కుండలో పోసి మూతపెడతాం. ఎండాకాలం ఒక రాత్రికే పులుస్తుంది. చలికాలం మధ్యాహ్నమే కలపాలి, లేదంటే పుల్లదనం రాదు. పైన బూజు కనపడినా, కుళ్ళిన వాసన వచ్చినా మొహమాటపడకుండా పారబోయండి.

పొద్దున లీటరుంబావు నీళ్ళు మరిగించి నూక వేసి మెత్తగా ఉడకనివ్వాలి. తర్వాత పులిసిన పిండి సన్నగా పోస్తూ కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. చిన్న మంట మీద పది నిమిషాలు, అంతే. చల్లారాక ఉప్పు, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ.

నూక ఎందుకు అని అడుగుతుంటారు. ఉత్త పిండి జావ తాగితే గంటలో అరిగిపోతుంది. నూక పడితే కాస్త నమలాలి, కడుపులో నిలుస్తుంది. ఇంకో మాట. రాగుల్లో కాల్షియం బాగా ఎక్కువ, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే. అందుకే పక్కన అలసంద గుగ్గిళ్ళో, వేరుశనగలో ఉండాలంటాను. గట్ల మీదో, అంతర పంటగానో అలసంద వేసినవాళ్ళు కొనక్కర్లేదు. అలసందల్ని కూడా సాయంత్రమే నానబెడితే పొద్దున తొందరగా ఉడుకుతాయి.

షుగరు ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. రాగులు షుగరుకు మందు అని ఫోన్లలో తిరిగే మాటలు నమ్మి చెంబులకు చెంబులు తాగొద్దు. మెత్తటి పిండితో కాచిన పల్చటి జావ రక్తంలో షుగరును త్వరగానే పెంచుతుంది. గ్లాసు కొలతగా తాగి, గుగ్గిళ్ళు ఎక్కువ తినండి. రెండు గంటలాగి మీటరు పెట్టి మీరే చూసుకోండి.

ఇంటికి ఎన్ని ఉంచుకోవాలి? రోజూ 200 గ్రాములైతే ఏడాదికి 73 కిలోలు. గాలించేటప్పుడు పోయేదీ కలుపుకుని 80 కిలోలు పక్కన పెట్టాకే వ్యాపారికి కాటా వెయ్యండి. బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి మూటకట్టుకోవాలి. రోడ్డు మీద నూర్చిన రాగులైతే ఇసుక తప్పదు. కడిగి, గాలించి, ఆరబెట్టాకే మరకు తీసుకుపోండి. ఒక్కసారే అంతా పట్టించకుండా నెలకు సరిపడా చాలు. మీ ముందు ఎవరైనా మిరపకాయలు పట్టించుంటే మాత్రం ఆ రోజుకు ఇంటికి వచ్చేయండి!